ఆల్బకర్కీ ఇసుకలో 1540 నాటి రాగి ములుకులు

అందరికీ నమస్కారం. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఎడారి తప్ప చూడడానికి ఏముందని గుంటూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంటారు. అందుకే ఈ శనివారం కెమెరా పట్టుకుని, నేనుండే ఆల్బకర్కీ నగరంలోనే కూర్స్ బులివార్డ్ పక్కనున్న ఓపెన్ స్పేస్ విజిటర్ సెంటర్‌కు వచ్చాను. ఇక్కడ ప్రవేశం ఉచితం. ఇదే వైపున్న, పాత రాతి చెక్కడాలుండే పెట్రోగ్లిఫ్ పార్కులో, బోకా నెగ్రా దగ్గర మాత్రం వారాంతాల్లో కారుకు 2 డాలర్లు తీసుకుంటారు.

మనకు చరిత్ర అంటే కొండవీడు కోటలా కళ్లెదుట నిలబడి ఉండాలి. ఇక్కడ దగ్గర్లోనే ఖాళీ నేల కింద, దాదాపు వెయ్యి గదులతో ఈ లోయ ఆదివాసులైన టీవా ప్రజలు కట్టుకున్న పియెద్రాస్ మర్కాదాస్ అనే ఊరు ఉంది. మట్టి గోడలు కరిగి నేలలో కలిసిపోయాయి. ఆ నేలను తవ్వకుండానే, విద్యుత్ నిరోధాన్ని కొలిచే పరికరాలతో గోడల జాడలను, మెటల్ డిటెక్టర్లతో లోహపు ముక్కలను వెతికి, పురావస్తు శాస్త్రవేత్త మాథ్యూ ష్మేడర్ బృందం వెయ్యికి పైగా లోహ వస్తువులను గుర్తించింది.

ఇప్పుడు మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్న ఫొటోను కాస్త జాగ్రత్తగా చూడండి. ఇది పల్చని రాగి రేకును చుట్టి చేసిన బాణపు ములికి. మీట నొక్కితే బాణం వదిలే క్రాస్‌బో అనే విల్లుకు వాడేవారు. పక్కనున్నది గుర్రపు లాడానికి కొట్టే ఇనుప మేకు. దాని తల పెంకుటింటి కప్పులా రెండు వైపులా వాలుగా ఉంటుంది. 1540లో ఏడు బంగారు నగరాల కోసం మెక్సికో నుంచి బయలుదేరిన స్పెయిన్ సేనాని ఫ్రాన్సిస్కో వాస్కెస్ దె కొరొనాదో దండు, అందులోని వెయ్యికి మించిన మెక్సికో స్వదేశీ యోధులతో సహా, ఈ లోయకు వచ్చిందనడానికి ఈ రెండూ గట్టి సాక్ష్యాలు. 1598లో మరో స్పానిష్ నాయకుడు హువాన్ దె ఒన్యాతె ఇక్కడికి వచ్చేనాటికి క్రాస్‌బోల వాడకం పోయింది కనుక, ఈ ఎడారి ప్రాంతంలో రాగి ములికి దొరికిందంటే అది కొరొనాదో దండుదేనని నిపుణులు చెబుతారు. టెక్సస్‌లోని బ్లాంకో కాన్యన్‌లోనూ ఆ దండు జాడ ఇలాంటి ములుకుల వల్లే రుజువైంది.

కొరొనాదో దండు ఇక్కడ గడిపిన 1540-41 చలికాలం సంగతి చదివినప్పుడు నా మనసు బరువెక్కింది. ఆల్బకర్కీ సముద్ర మట్టానికి 5,000 అడుగులకు పైన ఉంది. ఎడారి అంటే ఎప్పుడూ ఎండేననుకుని వచ్చిన నాకు, తలుపు తీస్తే మంచు, పలకరించే మనిషి లేని ఆ మొదటి జనవరి ఇప్పటికీ గుర్తుంది. నాకు హీటర్ ఉంది. ఆ సైనికులకు లేదు. అయితే వాళ్లు చేసింది మాత్రం దుర్మార్గం. టీవా ఊళ్ల నుంచి 300కు పైగా వస్త్రాలు కావాలని అడిగి, ఇవ్వడానికి సమయమైనా ఇవ్వకుండా మనుషుల ఒంటి మీది దుప్పట్లను లాక్కున్నారని ఆ దండులోనే ఉన్న కాస్తన్యేద రాశాడు. దాంతో మొదలైన, ఈ ప్రాంతపు అప్పటి పేరుతో పిలిచే టీగెక్స్ యుద్ధం 1541 దాకా సాగి ఈ ఊళ్లను నాశనం చేసింది. ఇప్పటి సాండియా, ఇస్లేటా ప్యూబ్లోల (ఆదివాసీ ఊళ్ల) ప్రజలు ఆ టీవాల వారసులే, కాబట్టి ఈ నేలను తవ్వకుండా పరిశోధించడమే నాకు న్యాయంగా తోస్తోంది.

అరిజోనాలోని సాంతా క్రూజ్ లోయలో అదే దండుకు చెందిన కంచు తుపాకీ కూడా బయటపడింది. గోడ మీద ఆనించి పేల్చే ఆ తుపాకీ దాదాపు 18 కిలోల బరువు ఉంటుంది. ఫీనిక్స్‌లో, చాండ్లర్‌లో ఉన్న మన తెలుగువాళ్లు ఆ వైపు వెళితే, నేల మీద ఏ లోహపు ముక్క కనిపించినా దయచేసి ముట్టుకోకండి. ప్రభుత్వ భూముల్లో వాటిని తీసుకోవడం నేరం. పైగా ఏ ములికి ఏ గోడ పక్కన పడి ఉందో తెలిస్తేనే యుద్ధం ఎటు నుంచి ఎటు సాగిందో తెలుస్తుంది. చేతిలోకి తీసుకున్నాక అది ఒట్టి రాగి ముక్క. ఉన్నచోటనే ఫొటో తీసి, అక్కడి రేంజర్‌కు చెప్పండి.