చేదు వేరు, పొడిబారిన చేతులు

అందరికీ నమస్కారం. రొయ్యల ప్లాంట్లలో పనిచేసే అక్కలు ఈ హాల్లో చాలామందే ఉన్నారు కాబట్టి చేతుల సంగతితోనే మొదలుపెడతాను. పొద్దస్తమానం ఐసునీళ్లలో రొయ్యలు వలిస్తే వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, ఆరాక చిట్లుతుంది. ఇంటికెళ్లి కూరలో కారం కలిపితే భగ్గున మంట. చర్మం పైపొరలో కణాలను అంటిపెట్టుకుని కొవ్వు ఉంటుంది. నీళ్లూ సబ్బూ క్లోరినూ దాన్ని కడిగేస్తాయి. ఇక లోపలి తేమ నిలవదు.

ఇప్పుడు క్రీముల మీద కనిపిస్తున్న జెన్షియన్ వేరు సారం పనిచేసేది సరిగ్గా ఈ కొవ్వు మీదే. ఇది మన నల్లమలలోనో వెలిగొండల్లోనో దొరికే మొక్క కాదు. ఐరోపాలో ఆల్ప్స్ లాంటి కొండల మీద పెరుగుతుంది, పసుపు పూలు పూస్తుంది. వేరులో అమరోజెంటిన్ అనే పదార్థం ఉంది. దాన్ని కోట్ల రెట్ల నీళ్లలో కలిపినా నాలుక పసిగట్టేస్తుంది, అంత చేదు!

చేదును పసిగట్టే గ్రాహకాలు నాలుక మీదే కాదు, చర్మ కణాల్లోనూ ఉన్నాయి. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పరిశోధకులు 2015లో ఈ సంగతి ప్రచురించారు. అమరోజెంటిన్ తగిలితే కణంలోకి కాల్షియం చేరుతుంది, కణం ముదిరి పైపొరగా తయారయ్యే పని ఊపందుకుంటుంది. ఈ వేరు సారంతో చర్మంలో కొవ్వు తయారీ పెరుగుతోందని 2017లో చూపించారు. ల్యాబులో పెంచిన కణాల్లోనే కాదు, క్రీము రాసుకున్న మనుషుల్లో కూడా. అయితే అవి చిన్న పరీక్షలు. తెల్లబడతారనీ, మచ్చలన్నీ పోతాయనీ ఎవరైనా అమ్మితే నమ్మకండి.

మన చేలగట్ల మీది నేలవేమూ చేదే కదా, నూరి రాసుకుంటే పోలా అంటారేమో. దాని చేదు ఆండ్రోగ్రాఫోలైడ్ వల్ల, అమరోజెంటిన్ వల్ల కాదు. పగిలిన చర్మానికి పచ్చి పసరు పట్టిస్తే మంట ఎక్కువవ్వచ్చు కూడా. అన్నట్టు, నోటిపూతకు రాసే ఊదారంగు జెన్షన్ వయొలెట్‌కూ ఈ వేరుకూ ఏ సంబంధమూ లేదు. అది ఫ్యాక్టరీలో చేసే రంగు.

కొనాలనుకుంటే లేబుల్ చూడండి. ఎక్కువ కలిపినవి ముందు, తక్కువవి తర్వాత రాస్తారు. వేరు పేరు సువాసన కంటే కింద, చిట్టచివర ఉంటే పేరుకే కలిపారని నా అనుమానం. మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే మానెయ్యండి. పుండు పడినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

అసలు ముందు గ్లవుజులు అడగండి. పని అయ్యాక తడి తుడుచుకుని వ్యాజిలీను రాయండి, అది చవక. ఈ క్రీము ఆ తర్వాతి మాట. డబ్బాలు తెచ్చుకున్నవాళ్లు ఇలా ముందుకు రండి, లేబుళ్లు చదువుదాం.