పడుతున్న చేద కారదు

(గజపతి జిల్లా పర్లాకిమిడిలో జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు తెలుగు విద్యార్థుల సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వానలో తడుస్తూ వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరుసలో కుదురుగా కూర్చోలేకపోతున్న పిల్లలకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి చెప్పిన మాటల్లో సగం నిజం కాదు. ఆ సగం ఏమిటో కాసేపట్లో నా నోటితోనే బయటపడుతుంది కనుక విడిగా ఖండించడం లేదు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినందుకు ఈ రోజును జరుపుకుంటున్నాము. అంతరిక్షంలో గురుత్వం, భారరహిత స్థితి అన్న అంశం మీద మాట్లాడమన్నారు. మూడు భాగాలుగా రాసుకొచ్చాను. అయితే ఇందాక వేదిక ఎక్కే ముందు ఒక బాబును, అంతరిక్ష కేంద్రంలో మనుషులు గాలిలో ఎందుకు తేలుతారని అడిగితే, "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదండీ" అన్నాడు. ఒడియా బడిలో చదువుతున్న వాళ్లక్క పక్కనుంచి "మాధ్యాకర్షణ" అని ఒడియా మాటతో అతని మాటను సరిదిద్దింది గానీ జవాబును సరిదిద్దలేదు. ఆ జవాబు తప్పు. అందుచేత రాసుకొచ్చిన వరుస పక్కన పెట్టి, ఈ తప్పు దగ్గరే మొదలుపెడతాను.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మనకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. విశాఖపట్నం నుంచి విజయవాడ దూరానికి కాస్త ఎక్కువ, అంతే. భూమి కేంద్రం నుంచి నేల దాకా ఉన్న దూరమే 6,371 కిలోమీటర్లు కనుక, దానికి మరో 400 కలిపినంత మాత్రాన ఆకర్షణ మాయమైపోదు. అక్కడ కూడా నేల మీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. అంత ఎత్తు స్తంభం కట్టి, 60 కిలోలు తూగే మనిషిని దాని కొన మీద స్ప్రింగ్ త్రాసుపై నిలబెడితే అది 53 కిలోలు చూపిస్తుంది. ఆ మనిషి తేలడు సరికదా, అంచు దాటి కాలు వేస్తే సూటిగా కిందికి వస్తాడు.

మరి కేంద్రంలో ఉన్నవారు ఎందుకు తేలుతున్నారు? వారు తేలడం లేదు, పడుతున్నారు. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకువెళితే చాలు: పడుతున్నారు. న్యూటన్ ఒక ఎత్తయిన కొండ మీద ఫిరంగిని ఊహించాడు. మనకు కొండ వెతుక్కునే పని లేదు, మహేంద్రగిరి ఉంది. గాలి అడ్డు లేదనుకుని ఆ శిఖరం మీంచి రాయిని అడ్డంగా విసిరితే కొంత దూరంలో పడుతుంది, మరింత బలంగా విసిరితే మరింత దూరంలో పడుతుంది. ఏ వస్తువైనా మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల దాని ఉపరితలం కూడా ప్రతి 8 కిలోమీటర్లకు దాదాపు 5 మీటర్లు వంగిపోతుంది. కనుక సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో విసిరిన రాయి పడుతూనే ఉంటుంది, నేల కూడా అంతే మేరకు వంగి తప్పుకుంటూనే ఉంటుంది. అంతరిక్ష కేంద్రం చేస్తున్నది ఇదే. సుమారు 92 నిమిషాలకు ఒకసారి భూమి చుట్టూ పడుతుంది.

ఇక్కడ నేను ఆగి నా సంగతి చెప్పుకోవాలి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో సల్యూట్-7 అనే సోవియట్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, మొత్తం దాదాపు 8 రోజులు అంతరిక్షంలో గడిపి వచ్చారు. ఆ ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో, నేను పనిచేసిన తెలుగు మాధ్యమ పాఠశాలలో, వ్యోమగామికి తన బరువు ఎందుకు తెలియదన్న ప్రశ్న నేనే ఇచ్చాను. గైడులో ఉన్న జవాబు ఒకటే వాక్యం: అక్కడ గురుత్వాకర్షణ లేనందువలన. తరగతి అంతా అదే రాసింది, ఒక్క అమ్మాయి తప్ప. ఆమె రాసిన మూడు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠస్థం. "చిల్లు చేద నూతిలోంచి తోడుతున్నప్పుడు నీళ్లు కారతాయి. చేంతాడు చేజారిపోతే పడుతున్నంతసేపూ కారవు. రాకేశ్ శర్మ గారు కూడా అలాగే పడుతున్నారు."

నేను సున్నా వేశాను. అంతటితో ఊరుకోలేదు. చేద, చేంతాడు పరీక్షలో రాయదగిన మాటలు కావని ఎర్ర సిరాతో గీత గీశాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, జనం నోటి భాష కోసం ఆయన ఏళ్ల తరబడి పోరాడిన ఊళ్లో, ఆ గీత గీసినవాడిని నేనే. ఆ అమ్మాయి కాగితం తీసుకుని, అడగడానికి నోరు తెరిచి, అడగకుండానే వెళ్లి కూర్చుంది.

ఆరేళ్ల తరువాత ఒక ఉదయం మా ఇంటి నూతిలో చిల్లు పడిన చేదతో నీళ్లు తోడుతుంటే తడి చేంతాడు జారిపోయింది. అంతవరకు చిల్లులోంచి సన్నగా కారుతున్న ధార, చేద పడడం మొదలుపెట్టగానే టక్కున ఆగిపోయింది. లోపలికి చూస్తూ అలాగే నిలబడిపోయాను. పైన ఉన్న నీటి బరువు కింది నీటిని నొక్కబట్టే చిల్లులోంచి ధార వస్తుంది. నీళ్లూ చేదా కలిసి ఒకే తీరుగా పడుతున్నప్పుడు ఏదీ దేనినీ నొక్కదు, అందుచేత ధార రాదు. గురుత్వం ఎక్కడికీ పోలేదు, అది ఉండబట్టే రెండూ పడుతున్నాయి. మనకు బరువని తెలిసేది భూమి లాగడం కాదు, కాళ్ల కింది నేల మనల్ని పైకి నొక్కడం. భారరహితమన్న మాట ఈ సంగతిని దాచిపెడుతుందని నా ఫిర్యాదు.

ఈ సభలో పేపర్లు దిద్దే ఉపాధ్యాయులు ఉన్నారు. గైడులో గురుత్వం లేనందువలన అని ఉంటే, దయచేసి గీత గైడు మీద గీయండి.

రెండో భాగం మొత్తం వదిలేస్తున్నాను, అందులో రాకెట్ల పేర్లు తప్ప ఏమీ లేవు. మిగిలిన సంగతులన్నీ చేద కథలోంచే వస్తాయి. మన కోమటి కొట్టులో రెండు పళ్లేల త్రాసు చంద్రుడి మీద కూడా కిలో బియ్యాన్ని కిలో అనే చూపిస్తుంది, ఎందుకంటే రాయి బరువూ బియ్యం బరువూ రెండూ ఆరో వంతుకు తగ్గుతాయి. స్ప్రింగ్ త్రాసు మాత్రం ఆరో వంతే చూపిస్తుంది. అంతరిక్ష కేంద్రంలో ఈ రెండూ పనికిరావు. అందువల్ల అక్కడి వారిని స్ప్రింగ్‌కు కట్టి ఊపి, ఒక ఊపుకు ఎంత సమయం పట్టిందో చూసి ద్రవ్యరాశిని లెక్కగడతారు. వేడి గాలి తేలికై పైకి పోవడమన్నది అక్కడ లేదు కనుక దీపపు మంట మొనదేలకుండా గుండ్రంగా, నీలంగా వెలుగుతుంది. అదే కారణం చేత, గాలిని కదిలించే ఫ్యాన్లు లేకపోతే, నిద్రపోయేవాడు వదిలిన ఊపిరి అతని ముఖం దగ్గరే పోగుపడుతుంది.

శరీరం సంగతి మరీ చిత్రం. కాళ్లవైపు దిగవలసిన నీరు పైకి చేరి ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. వెన్నుపూసల మధ్య ఒత్తిడి తగ్గి మనిషి కొన్ని సెంటీమీటర్లు పొడుగవుతాడు. మోసే పని లేని ఎముక తనను తాను కరిగించుకుంటుంది. తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా సాంద్రత కోల్పోతుంది. అందుకే 2024, 2025లలో 286 రోజులు అక్కడ ఉండిపోయిన సునీతా విలియమ్స్ వంటివారు రోజుకు దాదాపు రెండు గంటలు వ్యాయామం చేయాలి, పరుగెత్తాలంటే పట్టీలతో యంత్రానికి కట్టుకోవాలి. 2025లో శుభాంశు శుక్లా అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించారు. మొలక వేరుకు కింద అన్నది తెలియని చోట అది ఏ దిక్కుకు పోతుందో మీరే ఊహించండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. సున్నాను దిద్దడానికి ఆ కాగితమూ లేదు. అయితే ఆమె ప్రయోగం చేయడానికి నుయ్యి అక్కరలేదు. ఇదిగో, ఈ ప్లాస్టిక్ సీసాకు అడుగున చిల్లు పెట్టి తెచ్చాను. ఇందాకటి బాబు, వాళ్లక్క ఇలా రండి. బాబు కుర్చీ ఎక్కి సీసా పట్టుకుంటాడు, మూత తీసి ఉంచుతాడు, చిల్లు మీంచి వేలు తీస్తాడు, ధార కనబడగానే సీసాను వదిలేస్తాడు. మిగతా అందరూ చిల్లునే చూడాలి, సెకను కూడా పట్టదు. ముందు వరుసలోని వారు ఆ జంపఖానాను కాస్త చుట్టేయండి, తడిసిపోతుంది.