రూపచిత్రాల్లో మన పెద్దలు

శ్రోతలకు నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని గ్రంథాలయాల్లో, పాఠశాలల్లో పెద్దల చిత్రపటాలకు జయంతి నాడు, వర్ధంతి నాడు దండలు వేస్తాం. వాటిని ఎవరు గీశారో, దేన్ని ఆధారం చేసుకొని గీశారో మాత్రం అడగం.

13వ శతాబ్దంలో నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, విరాటపర్వం మొదలుకొని భారతంలో 15 పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజిని ఎదుట కూర్చోబెట్టుకొని గీసిన పటమేదీ మనకు దక్కలేదు. ఇప్పుడు మనం చూసే రూపం ఆయన పద్యాలు చదువుకొన్నవారి ఊహలోంచి వచ్చింది. చిత్రకారులు తరచుగా ఆయన చేతికి గంటం ఇస్తారు. ఆయన ఆశువుగా చెబుతుంటే గురునాథుడు రాశాడని కదా మన పెద్దలు చెప్పుకొనే కథ! ఆ లెక్కన గంటం ఉండవలసింది గురునాథుడి చేతిలో. అతణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టి గీస్తే ఆ పటం మరింత మనదవుతుందని నా అభిప్రాయం.

వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారికి, 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి అసువులు బాసిన పొట్టి శ్రీరాములుగారికి ఫొటోలున్నాయి. చిత్రకారుడు చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్లు గీసుకొని, అన్నే గళ్లు పెద్ద కాన్వాసు మీద వేసి, ఒక్కో గడిలోని గీతను ఆ గడిలోకే ఎక్కిస్తాడు. పోలిక అలా కుదురుతుంది. నలుపు తెలుపుల ఫొటో ఒంటి ఛాయను, ఉత్తరీయపు అంచు రంగును చెప్పదు. అవి చూసినవారిని అడిగి తెలుసుకోవాలి. శ్రీరాములుగారిని దీక్షలో చిక్కి శల్యమైన మనిషిగా చూపాలా, అంతకుముందు హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరులో పట్టుబట్టిన మనిషిగా చూపాలా అన్నది మాత్రం ఫొటో తేల్చదు, గీయించే ఊరే తేల్చుకోవాలి. ఆ రెండో శ్రీరాములుగారిని మనం దాదాపు మరచిపోయాం.

ఈ పటాల వరుసలో స్త్రీలు చాలా అరుదు. నెల్లూరు దగ్గరి పల్లిపాడులోని గాంధీ ఆశ్రమానికి భూమి ఇచ్చి, నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని నెలకొల్పిన పొణకా కనకమ్మగారి పటం ప్రతి బాలికల పాఠశాలలోనూ ఉండదగినది. ఎవరైనా వేయించదలిస్తే చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, ఆధారమైన ఫొటో ఎవరి ఇంటిది, రంగులు ఎవరిని అడిగి వేశారు అన్న నాలుగు సంగతులు పటం వెనుక రాయించండి.