కత్తి తీయకముందే కోర్టు కట్టడి చేయగలదా?

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాది, పోలీసు శాఖ నుంచి రిటైరైన ఇన్‌స్పెక్టర్, కేసుల్లో చిక్కుకున్న పిల్లలతో పనిచేసే యూత్ జస్టిస్ అధికారిణి)

సమన్వయకర్త: నమస్కారం. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్కడ కత్తిపోటు జరిగినా చట్టం ఇంకా గట్టిగా ఉండాలన్న మాట వినిపిస్తుంది. నిజానికి అక్కడ చట్టాలకు కొదవ లేదు. అవి కత్తి తీయకముందు పనికొస్తాయా, తీశాకేనా అన్నదే ఈ రోజు చర్చ. న్యాయవాది గారూ, కత్తి దగ్గర ఉంటేనే నేరమా?

న్యాయవాది: బహిరంగ స్థలంలో అయితే చాలావరకు అంతేనండి. 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్, సెక్షన్ 139. పదునైన అంచు గానీ మొన గానీ ఉన్నదేదైనా దాని కిందికి వస్తుంది, గరిష్ఠ శిక్ష 4 ఏళ్లు. మడిచే జేబుకత్తికి మాత్రం మినహాయింపు, అదీ పదునైన అంచు పొడవు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకపోతేనే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తెరిచాక లాక్ పడిపోయి, మీట నొక్కితే తప్ప మడవలేని కత్తి అయితే, రెండంగుళాలదైనా మినహాయింపు లేదు. కోర్టులు ఆ సంగతి 1990లలోనే తేల్చేశాయి.

సమన్వయకర్త: మరి వంటవాళ్లు, వడ్రంగుల మాటేమిటి?

న్యాయవాది: సరైన కారణం ఉందని చూపించుకోవచ్చు. పని, మతం, జాతీయ వేషధారణ, ఈ మూడూ చట్టంలోనే రాసి ఉన్నాయి. అయితే ఆ కారణం ఎల్లకాలం నిలవదు. శుక్రవారం పని ముగిసింది, కత్తి కారు సీటు కింద ఉండిపోయింది, ఆదివారం రాత్రి తనిఖీలో బయటపడింది అనుకోండి. మర్చిపోయానన్న ఒక్క మాట కోర్టులో నిలబడదు. ‘భయమేసి పెట్టుకున్నా’ అన్నదీ అంతే. ఎప్పుడో ఎవరో మీద పడతారన్న భయం చాలదు, ముప్పు అప్పటికప్పుడు ముంచుకొచ్చి ఉండాలి. పిల్లలు పోలీసులకు ముందుగా చెప్పేది మాత్రం ఈ మాటే.

సమన్వయకర్త: ఇన్‌స్పెక్టర్ గారూ, ఇదంతా దొరికాక సంగతి. ముందే ఆపడానికి తెచ్చిన ఉత్తర్వు ఉంది కదా, నైఫ్ క్రైమ్ ప్రివెన్షన్ ఆర్డర్?

మాజీ ఇన్‌స్పెక్టర్: 2019 అఫెన్సివ్ వెపన్స్ యాక్ట్‌లో తెచ్చారండి. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసుల పరిధిలో 2021 జులై నుంచి 2023 మార్చి దాకా ప్రయోగాత్మకంగా నడిపారు. 12 ఏళ్లు నిండినవాళ్లెవరి మీదైనా అడగొచ్చు. రెండు దారులున్నాయి. ఒకటి, కేసులో దోషిగా తేలినప్పుడు. రెండోది, అసలు శిక్షే పడకపోయినా పోలీసులు నేరుగా కోర్టుకు వెళ్లడం. ఈ రెండో దారిలో, గడిచిన రెండేళ్లలో కనీసం రెండుసార్లు సరైన కారణం లేకుండా కత్తితో బయట తిరిగాడని చూపించాలి. ఆ పైన, జనాన్ని కాపాడటానికో, అతను నేరం చేయకుండా ఆపటానికో ఈ ఉత్తర్వు తప్పనిసరి అని కోర్టుకు అనిపించాలి.

సమన్వయకర్త: కేసు ఎక్కడ వీగిపోతుంది?

మాజీ ఇన్‌స్పెక్టర్: కాగితం దగ్గర. ‘తనిఖీలో కత్తి దొరికింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏం లాభం? కత్తి అలుగు ఎంత పొడవు, ఏ జేబులో ఉంది, అడగ్గానే ఏం చెప్పాడు, పోలీసు ఒంటిమీది కెమెరాలో అది రికార్డయిందా, ఇవన్నీ కావాలి. రెండు సంఘటనల్లో ఒకటి కత్తి పొదలోకి విసిరేసిన రకమైతే, అది ఇతని చేతిలోంచే పడిందని చూపాలి. అది చూపలేకపోతే ‘రెండుసార్లు’ అన్న లెక్క తప్పినట్టే.

న్యాయవాది: ఇక్కడ రుజువు కొలమానం వేరు. మామూలు క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావులేకుండా నిరూపించక్కర్లేదు. జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. గ్యాంగ్ ఇంజంక్షన్ల విషయంలో, అంటే ముఠాల్లో తిరిగేవాళ్ల మీద సివిల్ కోర్టు పెట్టే ఆంక్షల విషయంలో, ఈ కొలమానం అన్యాయమని వాదించారు. 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు జోన్స్, బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ కేసులో ఆ వాదన తోసిపుచ్చింది. కానీ ఉత్తర్వు ఉల్లంఘిస్తే మాత్రం అది క్రిమినల్ నేరం, 2 ఏళ్ల దాకా జైలు. లోపలికి వెళ్లే తలుపు వెడల్పు, బయటికొచ్చే తలుపు ఇరుకు.

యూత్ జస్టిస్ అధికారిణి: ఆ ఇరుకు తలుపు దగ్గర నిలబడేది 13 ఏళ్ల పిల్లాడు కావచ్చు సార్, అదే నా బాధ. ఉత్తర్వు 6 నెలలకు తగ్గదు, 2 ఏళ్లు దాటదు. కోర్టుకు వెళ్లేముందు 18 లోపు పిల్లల విషయంలో మా బృందాన్ని సంప్రదించాలి. ఆ సంప్రదింపు ముందురోజు సాయంత్రం వచ్చే ఈమెయిల్ అయితే చేయగలిగేది ఏమీ ఉండదు.

సమన్వయకర్త: షరతులు ఎలా ఉంటాయి?

యూత్ జస్టిస్ అధికారిణి: చేయకూడనివి, చేయాల్సినవి రెండూ ఉంటాయి. ఫలానా చోటికి వెళ్లొద్దు, ఫలానావాళ్లతో తిరగొద్దు అన్నవి మొదటి రకం. కోర్సుకో, కౌన్సెలింగ్‌కో వెళ్లాలన్నవి రెండో రకం. వాటి అమలు చూసే మనిషి ఎవరో ఉత్తర్వులోనే రాయాలి. అది పని చేయించగల షరతేనా అని కోర్టు ఆ మనిషిని ముందే అడగాలి. చదువుకీ పనికీ మతానికీ వీలైనంతవరకు అడ్డు రాకూడదని చట్టమే చెబుతోంది.

ఇక మ్యాప్ సంగతి. నిషేధించిన ప్రాంతం చుట్టూ ఎర్రగీత గీసి జతచేస్తారు. గీత రోడ్డు నడిమధ్యన పోతే ఏ వైపు ఫుట్‌పాత్ మీద నడిస్తే తప్పు? ఆ ప్రాంతం గుండా పోయే బస్సులో కూర్చున్నా ఉల్లంఘనేనా? బడికి ఉన్నది ఆ ఒక్క బస్సే అయితే? ఇవి రాయకపోతే వారంలో కేసు తిరిగి కోర్టుకొస్తుంది. గీత రోడ్డు మీద కాకుండా దాని ఆవలి అంచున గీసి, రూటు నంబరు, టైము రాసి ‘దిగకుండా ప్రయాణించవచ్చు’ అని ఒక వాక్యం పెడితే చాలు.

మాజీ ఇన్‌స్పెక్టర్: ఆ మాటతో నేనూ ఏకీభవిస్తా. స్పష్టంగా లేని షరతును అమలు చేయడం పోలీసులకూ తలనొప్పే.

యూత్ జస్టిస్ అధికారిణి: మరొకటి కూడా ఉంది. ఉత్తర్వు అందిన 3 రోజుల్లోగా పేరు, చిరునామా పోలీసులకు తెలపాలి. వారంలో నాలుగు రాత్రులు అమ్మ దగ్గర, రెండు అత్త ఇంట్లో, ఒకటి స్నేహితుడి సోఫా మీద పడుకునే పిల్లాడు ఏ చిరునామా ఇస్తాడు? కత్తి ముట్టకుండానే ఉల్లంఘన కేసు పడే దారి ఇదే.

సమన్వయకర్త: ఆ తర్వాత సీరియస్ వయొలెన్స్ రిడక్షన్ ఆర్డర్ వచ్చింది. అదేమిటి?

మాజీ ఇన్‌స్పెక్టర్: ఇది 18 నిండినవాళ్లకే, అదీ ఆయుధంతో ముడిపడిన నేరంలో దోషిగా తేలాకే. 2022 చట్టంతో వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మెర్సీసైడ్, ససెక్స్, థేమ్స్ వ్యాలీ, వెస్ట్ మిడ్‌లాండ్స్‌లలో ప్రయోగంగా మొదలుపెట్టారు. ఉత్తర్వు ఉన్న మనిషి బహిరంగ స్థలంలో కనిపిస్తే, అనుమానానికి కారణం లేకపోయినా ఆయుధం కోసం తనిఖీ చేయొచ్చు. ఎప్పుడైనా ఆపుతారని తెలిస్తే కత్తి ఇంట్లో వదిలేస్తాడన్నది దీని లెక్క. నాకైతే మొదటిదానికంటే ఇదే నికరం.

యూత్ జస్టిస్ అధికారిణి: నేను ఒప్పుకోను. పోలీసు ఆపిన ప్రతిసారీ ఆ వీధిలో చూసేవాళ్లుంటారు. కోర్సుకు వెళ్లి బాగుపడుతున్నవాణ్ణి బస్టాప్‌లో గోడకు ఆనించి వెతికితే, వాడు ఆ కోర్సుకు మళ్లీ వెళ్తాడా?

న్యాయవాది: అందులో ఇంకో చిక్కు ఉంది. కత్తి తన దగ్గర లేకపోయినా, తోటి నేరస్థుడి దగ్గర ఉందని తెలిసినా, తెలుసుకుని ఉండాల్సిందే అనిపించినా ఉత్తర్వు వేయొచ్చు. ‘తెలుసుకుని ఉండాల్సింది’ అన్నది చాలా వదులైన మాట. ప్రియుడి బ్యాగులో ఏముందో తెలియని అమ్మాయి కూడా అందులో ఇరుక్కోవచ్చు.

సమన్వయకర్త: అసలు కత్తుల్నే నిషేధిస్తే?

న్యాయవాది: చేస్తూనే ఉన్నారు. 2024 సెప్టెంబర్ 24 నుంచి జాంబీ తరహా కత్తులు, మచ్చెట్లు (పొడవాటి నరుకుడు కత్తులు) నిషేధం. అలుగు 8 అంగుళాలు దాటి, మొన ఉండి, రంపపు పళ్లో రంధ్రాలో ముళ్లో ఉన్నవి. 2025 ఆగస్టు 1 నుంచి నింజా కత్తులు. చిక్కల్లా వర్ణనతోనే. చట్టంలో ఆకారం రాయగానే, అమ్మేవాడు ఒక రంధ్రం తగ్గించి కొత్త మోడల్ తెస్తాడు.

మాజీ ఇన్‌స్పెక్టర్: హత్యల్లో కత్తి ఏ రకమో తెలిసినవాటిలో ఎక్కువగా కనిపించేది వంటింటి కత్తి. దాన్ని నిషేధించలేం. మొన గుండ్రంగా ఉంటే కూరలు తరగడానికి ఏ ఇబ్బందీ ఉండదు, ఒంట్లోకి దిగడం మాత్రం కష్టం. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఇంటి గుమ్మం దగ్గర వయసు చూసి ఇవ్వాలన్న నియమం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. కొరియర్ కుర్రాడు పార్శిల్ గుమ్మంలో పెట్టి ఫొటో తీసుకుపోతే ఆ నియమం అక్కడితో సరి.

సమన్వయకర్త: చివరిగా, ఇలాంటి ఉత్తర్వు ఇంటికి వస్తే తల్లిదండ్రులు ఏం చేయాలి?

యూత్ జస్టిస్ అధికారిణి: ముందు మ్యాప్ చేతపట్టుకుని ఇంటి నుంచి బడిదాకా, పనిదాకా నడిచి చూడండి. గీతతో ఎక్కడ ఇబ్బందో రాసుకోండి. అడ్డొచ్చే షరతు ఉంటే ఉల్లంఘన జరిగేదాకా ఆగొద్దు, షరతు మార్చమని లాయరు ద్వారా కోర్టును అడగండి. ఉత్తర్వు ఏడాది, ఆ పైన ఉంటే ఏడాది పూర్తయ్యేలోగా కోర్టు సమీక్ష ఉంటుంది. ఆ వాయిదాకు వెళ్లేటప్పుడు బడి హాజరు, కోర్సు హాజరు కాగితాలు జతచేయండి.