మీదే ఊరు?

శ్రోతలందరికీ నమస్కారం.

రైలెక్కి కూర్చున్న పది నిమిషాల్లో ఎదుటి సీటాయన మనల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "మీదే ఊరండీ?" పేరు తర్వాత అడుగుతాడు, ఉద్యోగం ఆ తర్వాత. మా నాన్నగారు ముప్పై ఆరేళ్లు విజయవాడలో ఉన్నారు. ఇల్లు అక్కడే, ఓటు అక్కడే, రేషన్ కార్డు అక్కడే. అయినా ఎవరడిగినా, పదిహేనేళ్లప్పుడు వదిలేసి వచ్చిన పల్లె పేరే చెప్పేవారు. ఆ పల్లెలో ఆయనకు సెంటు భూమి కూడా లేదు. అలాగని ఆయన చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు.

ఇవాళ నన్ను ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి మాట్లాడమన్నారు. యుద్ధం వార్తలు మీరు రోజూ వింటూనే ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది, అక్కడి మనుషులు "నాది ఈ చోటు" అని ఎలా చెప్పుకుంటారు, చెప్పుకుంటే ఎవరు ఒప్పుకుంటారు అన్న సంగతి. ఇచ్చిన టైము పది నిమిషాలు. అందులో వందేళ్ల చరిత్ర పట్టదు కాబట్టి ఒక్క ఊరి కథ చెబుతాను. ఆ ఊరి పేరు ఇక్రిత్.

ఇక్రిత్ ఇప్పటి ఇజ్రాయెల్ ఉత్తర భాగంలోని గలిలీ కొండల్లో, లెబనాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉండేది. ఐదు వందలకు కాస్త తక్కువ జనాభా. దాదాపు అందరూ అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు. ఆలివ్ చెట్లు, అత్తి చెట్లు, కొండ మీద రాతి చర్చి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఇళ్లు పోగొట్టుకున్నారు. కొందరు భయపడి పారిపోయారు, కొందర్ని వెళ్లగొట్టారు. దాన్ని వాళ్లు నక్బా అంటారు, అంటే మహా విపత్తు. ఓ లక్షా యాభై వేల మంది మాత్రం కొత్త దేశం సరిహద్దుల లోపలే ఉండిపోయారు. ఇక్రిత్ వాళ్లు ఆ ఉండిపోయినవాళ్లలో వాళ్లు.

ఆ ఏడాది అక్టోబరు చివర్లో ఇజ్రాయెల్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. వీళ్లు ఎదురు తిరగలేదు, లొంగిపోయారు. నవంబరు మొదట్లో సైన్యం వాళ్లకో మాట చెప్పింది. సరిహద్దులో ప్రమాదంగా ఉంది, ఓ రెండు వారాలు వేరే ఊళ్లో తలదాచుకోండి, తర్వాత వచ్చేద్దురుగాని. రెండు వారాలు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. రెండు వారాలేగా అనుకుని రామె అనే ఊరికి వెళ్లారు.

రెండు వారాలు గడిచాయి. రెండు నెలలు గడిచాయి. రెండేళ్లు గడిచాయి. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. కోర్టుకు వెళ్లారు. తమను బయటికి పంపిన దేశం కోర్టుకే, ఆ దేశ పౌరులుగా వెళ్లారు. 1951 జులై 31న ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. వీళ్లను సొంత ఊరికి రానివ్వకపోవడానికి చట్టప్రకారం కారణం ఏదీ లేదంది. తీర్పు వచ్చాక సైన్యం వాళ్ల పేరున బహిష్కరణ ఉత్తర్వులు కొత్తగా రాసింది. వాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. ఆ వ్యవహారం తేలకముందే, 1951 డిసెంబరు 24న, అంటే క్రిస్మస్‌కు ముందురోజున, సైన్యం ఆ ఊళ్లో ఇళ్లన్నీ పేల్చేసింది. చర్చి మిగిలింది. శ్మశానం మిగిలింది.

1972లో గోల్డా మెయిర్ ప్రధానిగా ఉన్నప్పుడు ఈ గొడవ మళ్లీ పైకి వచ్చింది. వీళ్ల తరఫున యూదు రచయితలు, ప్రొఫెసర్లు కూడా రోడ్డెక్కారు. ప్రభుత్వం కుదరదంది. ఒక్క ఊరికి తలుపు తీస్తే మిగతా లక్షలాది మంది అదే తలుపు దగ్గర నిలబడతారని దాని భయం. ఆ తర్వాత కమిటీలు వేశారు, సిఫార్సులు వచ్చాయి, 2003లో ఇంకో కోర్టు తీర్పు వచ్చింది, ఈసారి ప్రభుత్వం వైపు. ఆ వివరాల్లోకి పోను.

ఈ మధ్యలో ఒక్క అనుమతి మాత్రం దొరికింది. 1970ల నుంచి, ఇక్రిత్ వాళ్లెవరైనా చనిపోతే తెచ్చి ఆ శ్మశానంలో సమాధి చేసుకోవచ్చు.

మరోసారి చెబుతాను. బతికుండగా ఆ ఊళ్లో కాపురం ఉండకూడదు. చనిపోయాక ఉండొచ్చు. వీళ్లేమీ పరాయి దేశంలో శిబిరాల్లో ఉన్న శరణార్థులు కారు. ఓటుంది, పన్ను కడుతున్నారు, పాస్‌పోర్టుంది. చాలామంది హైఫా నగరంలోనూ, రామెలోనూ ఉంటున్నారు. అక్కడి నుంచి ఊరు ఎంతో దూరం కూడా కాదు, కారులో పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

2012 వేసవిలో మనవల తరం కుర్రాళ్లు కొందరు వచ్చి చర్చి పక్కనే మకాం పెట్టారు. వంతులు వేసుకుని ఉన్నారు. మొక్కలు నాటారు, అధికారులు వచ్చి పీకేశారు. మళ్లీ నాటారు.

ఇప్పుడు ప్రభుత్వ కాగితాల సంగతి. ఇజ్రాయెల్‌లో పౌరసత్వం వేరు, జాతి వేరు. ఈ జాతిని హీబ్రూలో లెఓమ్ అంటారు. జనాభా రిజిస్టరులో ఆ గడిలో యూదు అని రాస్తారు, అరబ్ అని రాస్తారు, ద్రూజ్ అని రాస్తారు (ద్రూజ్‌లంటే అరబ్బీ మాట్లాడే, వేరే మతం ఉన్న చిన్న సమాజం). "ఇజ్రాయెలీ" అని మాత్రం రాయరు. మొదటిసారి ఇది చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. కొందరు ఇజ్రాయెల్ పౌరులు మా జాతి ఇజ్రాయెలీ అని రాయండి మహాప్రభో అని కోర్టుకెళ్లారు. అడిగినవాళ్లలో యూదులూ ఉన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2018లో వచ్చిన చట్టమైతే ఆ దేశంలో జాతిగా స్వయంనిర్ణయ హక్కు యూదు ప్రజలకే చెందుతుందని రాసేసింది. అంతవరకు అధికార భాషగా ఉన్న అరబ్బీని ఒక మెట్టు కిందికి దించింది. నా మటుకు నాకు ఆ రెండో మాట ఎక్కువ బాధ కలిగించింది. భాష మనిషికి ఇంటిలాంటిది కదా.

అయితే ఆ యూదు అన్న గడి వెనక కూడా చాలా నెత్తురుంది. యూరప్‌లో నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపేశారు. 1950, 51లలో ఇరాక్ నుంచి ఓ లక్షా ఇరవై వేల మంది యూదులు ఇజ్రాయెల్ వచ్చేశారు. తరతరాలుగా బాగ్దాద్‌లో బతికినవాళ్లు, ఇంట్లో అరబ్బీ మాట్లాడినవాళ్లు, అక్కడి ఆస్తులూ అక్కడి పౌరసత్వమూ పోగొట్టుకుని వచ్చారు. "మీదే ఊరు" అంటే వాళ్లేం చెప్పాలి? చెప్పేదీ బాగ్దాదే, వెళ్లలేనిదీ బాగ్దాదే. ఒకరి బాధ చెప్పినంత మాత్రాన ఇంకొకరి బాధ తగ్గిపోదు. అందుకే రెండూ చెబుతున్నాను.

ఇంకో చిన్న సంగతి. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని కొన్ని కుటుంబాలున్నాయి. మనలాగే తెలుగు మాట్లాడతారు, తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వాళ్లమంటారు, శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడాలని వాళ్లలో కొందరి కోరిక. అక్కడివాళ్లు ఇంకా వీళ్లను తమవాళ్లుగా గుర్తించలేదు. ప్రపంచంలో ఏ యూదుడైనా వచ్చి పౌరసత్వం తీసుకోవచ్చని 1950లో చట్టం చేశారు. ఎవరు యూదుడన్నది తేలాలిగా మరి! పుట్టుకతో యూదుడై, నాజీల కాలంలో ఎందరో యూదుల ప్రాణాలు కాపాడి, తర్వాత క్రైస్తవ సన్యాసి అయిన బ్రదర్ డానియెల్‌కే 1962లో ఆ చట్టం వర్తించదన్నారు. ఆయన మామూలు విదేశీయుడిలా దరఖాస్తు పెట్టుకుని పౌరుడై, చివరిదాకా హైఫాలోనే ఉన్నారు.

టైము దగ్గర పడింది. మీకు పనికొచ్చే మాట ఒక్కటి చెబుతాను. వార్తల్లో "పాలస్తీనియన్" అన్న మాట వినబడగానే, ఆ మనిషి జేబులో ఏ కార్డుందో కనుక్కోవడానికి చూడండి. హైఫాలో ఉంటే ఇజ్రాయెల్ పౌరుడు, నీలం రంగు కవరున్న కార్డు. తూర్పు జెరూసలేంలో ఉంటే కార్డు కవరు అదే నీలం రంగు, కానీ చాలామందికి పౌరసత్వం లేదు, శాశ్వత నివాసం మాత్రమే. పై చదువులకో ఉద్యోగానికో వెళ్లి కొన్నేళ్లు బయట ఉంటే అదీ రద్దు కావచ్చు. 1967 నుంచి అలా 14 వేల మందికి పైగా పోగొట్టుకున్నారు. వెస్ట్ బ్యాంక్‌లో, గాజాలో అయితే ఆకుపచ్చ కార్డు. లెబనాన్ శిబిరంలో పుట్టినవాడికి శరణార్థి కాగితం. అందరూ ఒకే ముత్తాత పిల్లలు కావచ్చు. ఏ కార్డో తెలిస్తే, ఆ మనిషి ఏ రోడ్డు మీద వెళ్లగలడు, ఏ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతాడు, ఏ ఎన్నికల్లో ఓటేయగలడు అన్నది సగం తెలిసిపోతుంది. టీవీలో అరుచుకునేవాళ్లు ఎవరూ ఈ వివరం చెప్పరు.

ఇక్రిత్ చర్చిలో ఇప్పటికీ నెలకోసారి ప్రార్థన జరుగుతోంది. రెండు వారాలని చెప్పి పంపినప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడుతున్నారు. ఒక్కొక్కరే ఊరికి తిరిగి వెళుతున్నారు, ఆ ఒక్క అనుమతి మీద. హైఫాలో పుట్టి పెరిగిన వాళ్ల మునిమనవణ్ణి ఆపి మీదే ఊరు బాబూ అని అడగండి. ఇక్రిత్ అంటాడు.

సెలవు.