"మా పుట్టింటోళ్ల రక్తంలనే ఉంది సారూ"

నమస్కారమండీ. నేను లివర్ జబ్బులు చూసే డాక్టర్ని. కొన్నేళ్ల కింద ఒక తల్లీ కొడుకూ నా దగ్గరికి వచ్చారు. కరీంనగర్ వైపు వాళ్లు. పేరూ ఊరూ చెప్పను, తమ సంగతి నలుగురికీ చెప్పమని వాళ్లే అన్నారు కాబట్టి ఈ మాత్రమైనా చెబుతున్నాను. అబ్బాయికి 26 ఏళ్లు. గల్ఫ్ వెళ్దామని మెడికల్‌కి పోతే హెపటైటిస్-బి, అంటే లివర్‌ని పట్టే ఒక వైరస్, పాజిటివ్, అన్‌ఫిట్ అని కాగితం చేతిలో పెట్టారు. ఒంట్లో ఏ బాధా లేదు, కామెర్లు ఎన్నడూ రాలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తీసి ఇచ్చేసరికి చెమటకి తడిసి మడతల దగ్గర చిరుగుతోంది. మీ ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందా అని అడిగాను. అతను తల వంచుకున్నాడు, తల్లి చెప్పింది. "మా అన్న గట్లనే పోయిండు సారూ, కడుపుల నీరొచ్చింది, లోపల గడ్డ అన్నరు. మా తమ్మునికి కూడా లివర్ క్యాన్సరే. ఇది మా పుట్టింటోళ్ల రక్తంలనే ఉంది."

ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది, ఎందుకంటే రక్తంలోనే ఉంది అనుకున్నవాళ్లు ఇక చేసేదేముందని ఇంట్లో కూర్చుంటారు, మళ్లీ వచ్చేసరికి గడ్డ పెద్దదైపోయి ఉంటుంది. ఆవిడ అన్నది తప్పు కాదు, అయితే రక్తంలో ఉన్నది ఏమిటో చూడాలి.

తైవాన్ వాళ్లు దీన్ని చాలా ఓపిగ్గా చూశారు. అక్కడ 22,707 మంది మగ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించి 1981లో లెక్క బయటపెట్టారు: ఒంట్లో హెపటైటిస్-బి ఉన్నవాళ్లకి లివర్ క్యాన్సర్ వచ్చే ప్రమాదం, లేనివాళ్లకంటే 223 రెట్లు. ఆ తర్వాత అదే దేశంలో ఇంకో పెద్ద అధ్యయనం కుటుంబాల సంగతి కూడా తేల్చింది. వైరస్ ఉండి, ఇంట్లో ఎవరికీ లివర్ క్యాన్సర్ లేనివాళ్లలో అది వచ్చే ప్రమాదం 7.5 శాతం. వైరస్ ఉండి, తోబుట్టువులకో తల్లిదండ్రులకో క్యాన్సర్ వచ్చి ఉంటే 15.8 శాతం, అంటే రెట్టింపు. మరి వైరస్ లేనివాళ్లలో? ఇంట్లో క్యాన్సర్ ఉన్నా లేకపోయినా ఒక శాతం కూడా లేదు, రెండు గుంపులకీ తేడా లేనట్టే. నాకు ఈ చివరి లెక్కే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

ఎందుకంటే ఒక ఇంట్లో తరతరాలకీ అందేది రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి వైరస్. తల్లికి హెపటైటిస్-బి ఉంటే కాన్పు సమయంలో బిడ్డకి అంటుకోవచ్చు, పుట్టగానే అంటుకున్న పిల్లల్లో 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటుకుంటే చాలామందికి దానంతట అదే పోతుంది. ఆవిడకీ, అన్నకీ, తమ్ముడికీ కన్నతల్లి దగ్గరి నుంచే వచ్చి ఉండాలి, అది తెలిసి ఇచ్చింది కాదు, పాపం ఆ పెద్దావిడకి ఎవరూ పరీక్ష చేసి ఉండరు.

రెండోది జన్యువులు. వీటి పాత్ర కూడా నిజమే. ఒంట్లోకి వచ్చిన వైరస్‌ని మన రక్షణ వ్యవస్థ గుర్తుపట్టడానికి పనికొచ్చే జన్యువులు కొన్ని ఉన్నాయి, హెచ్ఎల్ఏ అంటాం. అవి ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి కొందరికి హెపటైటిస్-బి పోతుంది, కొందరికి తిష్ఠ వేస్తుంది అని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. పీఎన్‌పీఎల్ఏ3 అని ఇంకో జన్యువు ఉంది, లివర్ కొవ్వుతో దీని సంబంధం 2008లో బయటపడింది. దానిలో ఒక్క అక్షరం మారినవాళ్లకి లివర్‌లో కొవ్వు త్వరగా పేరుకుంటుంది. అలాంటివాళ్లు మద్యం తాగినా, బరువు బాగా పెరిగినా, హెపటైటిస్-సి అనే ఇంకో లివర్ వైరస్ ఉన్నా లివర్ గట్టిపడి సిరోసిస్ అయ్యే అవకాశం, ఆపైన క్యాన్సర్ ప్రమాదం ఎక్కువ. హెపటైటిస్-బిలో దీని ప్రభావం అంత స్పష్టంగా లేదు. లివర్‌ని కాస్త కాపాడే జన్యు మార్పులూ ఉన్నాయి, అవి కూడా పుట్టుకతోనే వస్తాయి.

పుట్టాక జన్యువుల్లో వచ్చే మార్పులు వేరే. హెపటైటిస్-బి వైరస్ తన డీఎన్‌ఏ ముక్కల్ని తెచ్చి మన లివర్ కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. ఒక్కోసారి అది కణం అదుపు లేకుండా పెరిగేలా చేసే టెర్ట్ అనే జన్యువు పక్కన పడుతుంది. అందుకే ఈ వైరస్ ఉన్నవాళ్లకి సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ రావచ్చు. బూజు పట్టిన పల్లీల్లో, మొక్కజొన్నల్లో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా పీ53 అనే కాపలా జన్యువుని పాడు చేస్తుంది. వైరస్, ఈ విషం రెండూ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లవుతుంది. అనంతపురం వైపు వినేవాళ్లుంటే మీకు పల్లీల గురించి నేను చెప్పక్కర్లేదు, నల్లబడి బూజు వాసన కొట్టే గింజల్ని మాత్రం ఏరి పారేయండి, నూనె ఆడించడానికి కూడా కలపొద్దు.

"మరి జన్యు పరీక్ష చేయించుకోమంటారా?" అని ఆ అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. ఇవాళ్టికి దానితో మీ వైద్యం మారదు, ఆ డబ్బు వేరే పరీక్షలకి పెట్టుకోండి అన్నాను. వైరస్ ఎంత ఉందో చూసే డీఎన్‌ఏ పరీక్ష, లివర్ గట్టిపడిందో లేదో చూసే పరీక్ష, కడుపు స్కానింగ్. వైరస్ ఉండి ఇంట్లో లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్లకీ, సిరోసిస్ ఉన్నవాళ్లకీ ఆ స్కానింగ్ ఆరు నెలలకోసారి తప్పనిసరి. హెపటైటిస్-సి మందులతో పూర్తిగా నయమైనా సరే, అప్పటికే సిరోసిస్ వచ్చి ఉంటే స్కానింగ్ మానకూడదు, ఇది చాలామంది మర్చిపోతారు. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బులకి పరీక్షలూ మందులూ ఉచితం, అడగండి.

ఇంటిల్లిపాదినీ పిలిపించాం. తల్లికి పాజిటివ్, లివర్ అప్పటికే గట్టిపడింది, ఆవిడకే తెలియదు. రోజుకో మాత్ర మొదలుపెట్టాం, అది వైరస్‌ని తొక్కి పెడుతుంది, క్యాన్సర్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, ఇష్టం వచ్చినప్పుడు ఆపేస్తే మాత్రం లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. చిన్నకొడుక్కి నెగెటివ్, టీకా వేశాం. ఈ టీకాని మన దేశంలో మొదట 1997లో తయారు చేసి తెచ్చింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు, ఆ మాట చెబితే ఆ పిల్లాడి ముఖంలో కాస్త వెలుగొచ్చింది.

కూతురికీ పాజిటివ్. అప్పటికి ఆ అమ్మాయి కడుపుతో ఉంది. "కంచం వేరే పెట్టాలా సారూ?" అని తల్లి మెల్లగా అడిగింది. కలిసి తింటే, ముట్టుకుంటే ఇది అంటుకోదమ్మా అన్నాను. వైరస్ బాగా ఎక్కువ ఉండటంతో ఏడో నెల నుంచి అమ్మాయికి మాత్రలు ఇచ్చాం, కాన్పు కాగానే, 24 గంటల్లోపే బిడ్డకి ఒక తొడకి టీకా, ఇంకో తొడకి ఇమ్యూనోగ్లోబులిన్, అంటే వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్, వేశారు, మిగతా డోసులూ వరసగా పడ్డాయి. బిడ్డకి ఏడాది నిండాక రక్తం పరీక్ష చేయించి రిపోర్ట్ పట్టుకుని వచ్చారు. అమ్మమ్మకి చదువు రాదు. నెగెటివ్ అని నేను చెప్పాక ఆ కాగితం తీసుకెళ్లి బయట నర్సుతో ఇంకోసారి చదివించుకుంది.