‘నోటితో కాదు, రాసి చెప్పండి’: ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ల కోసం ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది పిల్లల గురించి కాదు, పెద్దవాళ్ల గురించి. ఆటిజం అంటే మనుషులతో మెలగడం, చప్పుళ్లూ వెలుతురూ తట్టుకోవడం కష్టంగా ఉండటం. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం. ఈ రెండూ ఉన్నవాళ్లు ఆఫీసులో, ఇంట్లో, చుట్టాల మధ్య ఎలా నెట్టుకొస్తున్నారు? తమకు కావలసింది ఎలా అడగాలి? మన అతిథి కౌన్సెలింగ్ సైకాలజిస్టు. ఆవిడకూ ఈ రెండూ ఉన్నాయి. ఫోన్ చేసేవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, ఊరు చెబితే చాలు. మేడం, నమస్తే.

కౌన్సెలర్: నమస్తే అండీ. మొదలుపెట్టే ముందు ఓ మాట. ఒకసారికి ఒక ప్రశ్నే అడగండి. ఇప్పుడు రెండు కలిపి అడిగారు చూడండి, మొదటిది అప్పుడే జారిపోయింది. ఇంకోటి, నేను మీ మొహం వైపు కాకుండా ఈ పెన్ను వైపు చూస్తుంటాను. వినడం లేదనుకోకండి.

యాంకర్: తప్పకుండా. ఇందాక ఆ ట్యూబులైటు కూడా ఆర్పించారు.

కౌన్సెలర్: జుయ్యిమంటోందండీ. మీకు అది వినపడదు, నాకు అదొక్కటే వినపడుతుంది.

యాంకర్: అయితే ఒకటే అడుగుతాను. రెండూ ఒకే మనిషికి ఉండటం మామూలేనా?

కౌన్సెలర్: మామూలే. డాక్టర్లు ఒప్పుకోవడానికే చాలాకాలం పట్టింది. మానసిక సమస్యల్ని ఎలా గుర్తించాలో డాక్టర్లకి చెప్పే పుస్తకం ఒకటుంది, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల డీఎస్‌ఎం. దాని ఐదో కూర్పు 2013లో వచ్చేదాకా, ఆటిజం అని రాశాక ఏడీహెచ్‌డీ అని కూడా రాసే వీలు లేదు. అందుకే ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లున్న చాలామందికి చిన్నప్పుడు ఏదో ఒకటే రాశారు, లేదా ఏదీ రాయలేదు. ‘మొండి’ అని మాత్రం అందరూ అన్నారు. రెండూ ఉంటే లోపల తగవు ఆగదు. ఆటిజమేమో రోజూ అదే కంచం, అదే దారి కావాలంటుంది. ఏడీహెచ్‌డీకి వారం తిరక్కుండానే విసుగు. చూసేవాళ్లకి ఇది నిలకడ లేని మనిషిలా కనిపిస్తుంది.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఫోన్. చెప్పండి.

హైదరాబాద్ కాలర్: నమస్తే మేడం. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్, 27 ఏళ్లు. పోయినేడాది డాక్టర్ రెండూ ఉన్నాయన్నారు. మా టీమ్ లీడ్ సీటు దగ్గరికొచ్చి నోటితో నాలుగు పనులు చెప్పేసి వెళ్లిపోతారు. రెండే గుర్తుంటాయి. మళ్లీ అడిగితే ‘ఇందాకే చెప్పాగా’ అంటారు. అప్రైజల్‌లో ఎటిట్యూడ్ మార్చుకోవాలని రాశారు. నాకు ఆటిజం ఉందని ఆఫీసులో చెప్పేయమంటారా?

కౌన్సెలర్: అది చివర్లో తేలుద్దాం. ముందు ఇది చెప్పండి, రోజు మొత్తంలో ఏ పూట కష్టంగా ఉంటుంది?

హైదరాబాద్ కాలర్: మధ్యాహ్నం. మా వెనకే ప్యాంట్రీ. మైక్రోవేవ్ బీప్, కాఫీ మెషిన్, నవ్వులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే టీమ్‌తో కలవడంటారు. మూడింటికల్లా తల పనిచేయదు. ఇంటికెళ్లాక లైటు కూడా వేయకుండా పడుకుంటా.

కౌన్సెలర్: అంటే మీకు కావలసినవి రెండే. పని రాతలో రావాలి, సీటు మారాలి. చేతిలో పెన్నుందా? రాసుకోండి. ‘నోటితో చెప్పిన పనుల్లో కొన్ని నాకు తప్పిపోతున్నాయి. మీరు చెప్పగానే నేను చాట్‌లో పెడతాను, సరిచూసి ఓకే అనండి. ప్యాంట్రీకి దూరంగా సీటు ఇస్తే మధ్యాహ్నం చేసే కోడ్ రివ్యూలు అదే రోజు ముగించగలను. నెల రోజులు చూసి మళ్లీ మాట్లాడదాం.’ అంతే మెయిలు.

హైదరాబాద్ కాలర్: ఆటిజం అన్న మాటే లేదు కదా మేడం.

కౌన్సెలర్: అక్కర్లేదు. ‘సారీ’ కూడా లేదు, గమనించారా? మనవాళ్లు మెయిలు మొదట్లో ఓసారి, చివర్లో ఓసారి సారీ పెడతారు. అది చదివిన మనిషికి ఇదేదో తాను దయతలిచి ఇస్తున్నట్టు అనిపిస్తుంది. ఇంకోటి, చాట్‌లో పెట్టే పని మీరే తీసుకున్నారు. ఆయన చేయాల్సింది ఓకే అనడమే. కాదనడానికి ఆయనకు కారణం దొరకదు.

హైదరాబాద్ కాలర్: అయినా కాదంటే?

కౌన్సెలర్: అప్పుడు హెచ్‌ఆర్‌కి, అప్పుడు చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు, కాబట్టి మీ వైకల్య సర్టిఫికెట్ ఆటిజం మీదే నడవాలి. ఆ చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీ అయితే అందులో లైజన్ ఆఫీసర్, అంటే దివ్యాంగ ఉద్యోగుల సంగతులు చూసే అధికారి గురించి కూడా ఉండాలి. ‘మన కంపెనీ పాలసీ కాపీ పంపండి’ అని మామూలుగా ఓ మెయిలు పెట్టండి. చాలాచోట్ల ఆ కాగితం వెతుక్కోవడంతోనే మాట తీరు మారుతుంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, తగిన సౌకర్యాలు ఇచ్చి తీరాలని ఉద్యోగాల సెక్షన్‌లో సూటిగా రాసింది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటులో మీ చేతికి దొరికే పట్టు ఈ పాలసీయే.

హైదరాబాద్ కాలర్: మరి చెప్పాలా, వద్దా?

కౌన్సెలర్: ప్రొబేషన్‌లో ఉన్నారా?

హైదరాబాద్ కాలర్: లేదు, మూడేళ్లయింది.

కౌన్సెలర్: అయితే ముందు మెయిలు. అది పనిచేయకపోతే హెచ్‌ఆర్‌కి మాత్రం, సర్టిఫికెట్ జతచేసి చెప్పండి. టీమ్ మొత్తానికి చెప్పడం వేరే సంగతి, దానికి తొందరేం లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకైతే నేను చెప్పమనను. చెప్పాలనేవాళ్లుంటారు, ఉద్యోగం పోతే ఈఎంఐ వాళ్లు కట్టరు.

యాంకర్: రాజమండ్రి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

రాజమండ్రి కాలర్: నమస్కారమండీ. మా అమ్మాయికి 24. దానికీ ఇవే రెండూ అన్నారు. వచ్చే నెల మా ఆడపడుచు కొడుకు పెళ్లి. రానంటోంది. పోయినసారి రిసెప్షన్‌లో డీజే పెట్టగానే బాత్రూమ్‌లోకెళ్లి గడియ పెట్టేసుకుంది. పిల్లకి పొగరంటున్నారు అందరూ. కాస్త సర్దుకోమని మీరైనా చెప్పండమ్మా.

కౌన్సెలర్: అమ్మాయి పక్కనుందా అండీ?

రాజమండ్రి కాలర్: ఉంది. ఫోన్లో మాట్లాడదు.

కౌన్సెలర్: మాట్లాడక్కర్లేదు. వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఏ షరతుల మీద అయితే వస్తుందో రాయమనండి. ‘వస్తావా, రావా’ అని అడిగితే రానన్న మాటే వస్తుంది.

యాంకర్: మన కార్యక్రమం నంబరుకే పంపొచ్చు.

కౌన్సెలర్: ఈలోగా మీకొక మాట అండీ. గడియ పెట్టుకోవడం పొగరు కాదు. డీజే, వీడియో లైట్లు, సెంటు వాసన, పలకరింపులు, అన్నీ ఒకే జోరుతో మీద పడతాయి. ఓ దశ దాటాక నోట మాట రాదు. షట్‌డౌన్ అంటాం. అప్పుడు తలుపు కొట్టి ‘ఏమైంది, ఏమైంది’ అని అడిగితే ఇంకా బిగుసుకుపోతారు. నీళ్ల సీసా అక్కడ పెట్టి, ఇంకెవరూ రాకుండా మీరు బయట నిలబడితే చాలు.

యాంకర్: మెసేజ్ వచ్చింది. చదువుతున్నాను. ‘పెళ్లికి వస్తా. జీలకర్ర బెల్లం దాకా ఉంటా. గట్టిమేళం అప్పుడు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటా, తీయమనొద్దు. రిసెప్షన్‌కి రాను. పట్టుచీర కట్టను, జరీ గుచ్చుకుంటుంది. నీ పెళ్లెప్పుడు అని అడిగేవాళ్ల పక్కన కూర్చోబెట్టొద్దు.’

రాజమండ్రి కాలర్: పట్టుచీర లేకుండానా! మా అత్తగారు ఊరుకుంటారా?

కౌన్సెలర్: వస్తానన్న మాట ముందుంది చూడండి. మిగతావాటిలో మీకు కుదరనిది ఏది?

రాజమండ్రి కాలర్: చీరొక్కటే. మిగతావి పర్లేదు. మెత్తటి మంగళగిరి నూలు చీర ఒకటుంది, సన్న జరీ అంచు. అది కడుతుందేమో.

కౌన్సెలర్: నన్నడుగుతారేంటి, ఆవిణ్నే అడగండి.

రాజమండ్రి కాలర్: ఉండండి... కడతానంటోంది. జాకెట్టు మాత్రం పాతదేనట, కొత్తది కుట్టించొద్దట.

కౌన్సెలర్: బేరం కుదిరింది. పెళ్లిలో ఎవరైనా ఏమైనా అంటే జవాబు చెప్పాల్సింది మీరు. అమ్మాయి మీదికి నెట్టకండి.

యాంకర్: కరీంనగర్ నుంచి.

కరీంనగర్ కాలర్: మేడం, నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న. సర్టిఫికెట్ ఎట్ల తీసుకోవాలె? ఎగ్జామ్‌ల ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తరా?

కౌన్సెలర్: యూడీఐడీ అని దివ్యాంగుల గుర్తింపు కార్డుల పోర్టల్ ఉంది, అందులో దరఖాస్తు చేస్తే మెడికల్ బోర్డుకి పిలుస్తారు. మనవాళ్లు ఇప్పటికీ సదరం క్యాంపు అనే అంటారు, మీ జిల్లాలో స్లాట్ సంగతి మీసేవలో అడగండి. ఆటిజానికి ఐఎస్‌ఏఏ అని 40 అంశాల స్కేలు వాడతారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఉన్న కేంద్ర సంస్థే దాన్ని తయారుచేసింది. మీకు తెలివిగా మాట్లాడటం వస్తుంది కాబట్టి బోర్డు ముందు బాగున్నట్టే కనిపిస్తారు. అక్కడ నటించకండి. చిన్నప్పటి సంగతులు తెలిసిన అమ్మనో అక్కనో తీసుకెళ్లండి, ‘ధ్యాస లేదు’ అని టీచర్ రాసిన ప్రోగ్రెస్ కార్డున్నా పనికొస్తుంది. వైకల్యం 40 శాతం అని వస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం దివ్యాంగుల కోటా కిందికి వస్తారు. అందులో ఆటిజం ఉన్న గుంపు వాటా 1 శాతం. టైమ్ సంగతికొస్తే, స్క్రైబ్‌కి, అంటే మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషికి అర్హత ఉన్నవాళ్లకి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. మీ నోటిఫికేషన్‌లో ఎలా రాశారో చూసి, అప్లికేషన్ నింపేటప్పుడే అడగండి. హాల్‌టికెట్ వచ్చాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

యాంకర్: చివరి ఫోన్, అనంతపురం నుంచి.

అనంతపురం కాలర్: నాకు 38 అక్కా. మా బాబుకి పరీక్షలు చేస్తూ డాక్టర్ అడిగిన ప్రశ్నలన్నీ నా గురించే అనిపించాయి. మా ఆయనేమో ‘ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది’ అంటారు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతా. డబ్బులుండి కూడా కరెంటు బిల్లు కట్టను. బట్టలు సగం మడతపెట్టి వదిలేస్తా. సాయంత్రమయ్యేసరికి కుక్కరు విజిల్‌కి ఏడుపొస్తుంది.

కౌన్సెలర్: పిల్లల పరీక్షలప్పుడే తమ సంగతి తెలుసుకున్న అమ్మలు చాలామంది. ఒకసారి మీరూ చూపించుకోండి. మీకు బెంగళూరు దగ్గరే, అక్కడ నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది. ఏడీహెచ్‌డీ అని తేలితే మందులున్నాయి, మిథైల్‌ఫెనిడేట్, ఎటమాక్సెటిన్ లాంటివి. సైకియాట్రిస్టు చీటీ మీదే, బీపీ చూసుకుంటూ. ఆటిజానికి మందంటూ లేదు, ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

అనంతపురం కాలర్: అప్పటిదాకా పాలు?

కౌన్సెలర్: స్టవ్ వెలిగించగానే గరిటె చేతిలోకి తీసుకోండి. వంటింట్లోంచి బయటికొచ్చినా అది చేతిలోనే ఉండాలి. హాల్లో గరిటెతో నిలబడి ఉంటే ఎందుకొచ్చిందో గుర్తొస్తుంది. నవ్వొద్దు, మా ఇంట్లో ఇదే పద్ధతి. బట్టలు మడతపెట్టేటప్పుడు చెల్లెలికో స్నేహితురాలికో వీడియో కాల్ చేసి పక్కన పెట్టండి. ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంది, మీ పని మీది. ఎదురుగా మనిషుంటే చెయ్యి కదులుతుంది. పప్పు పొద్దున్నే ఉడికించి పెట్టుకోండి, సాయంత్రం కుక్కరు జోలికే వెళ్లొద్దు.

అనంతపురం కాలర్: మా ఆయనకెట్లా చెప్పేది?

కౌన్సెలర్: ‘నన్ను అర్థం చేసుకో’ అంటే ఆయనకి ఏం చేయాలో తెలీదు. జబ్బు పేరు మీద వాదనకి దిగకండి, అది ఆసుపత్రిలో తేలుతుంది. పని పంచండి. ‘ప్రతి నెలా ఐదో తారీకు బిల్లులన్నీ నువ్వు కట్టు, బాబు ఆసుపత్రి ఫైలు నేను చూసుకుంటా.’ మీకు బాగా వచ్చిన పని ఏదో దాన్ని మీ వైపు ఉంచుకోండి.

అనంతపురం కాలర్: ఆయన ఇక్కడే వింటున్నారు అక్కా.

కౌన్సెలర్: అయితే ఇప్పుడే అడిగేయండి.

అనంతపురం కాలర్: ఐదు కాదంట, ఆరంట. జీతం పడేది ఆరో తారీకంట.

యాంకర్: ఆరే రాసుకోండి. మనసు బాగా లేనప్పుడు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మేడం, ధన్యవాదాలు. కాసేపట్లో వార్తలు.